విలన్ కంట నీరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, జపాన్‌లో కూడా పనిచేసొచ్చావు, అక్కడి టెక్నాలజీ మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. "జపాన్ గురించే మాట్లాడతానండి, కానీ టెక్నాలజీ కాదు, అక్కడి టీవీలో వచ్చే విలన్ల గురించి" అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. నాకు మతి పోయిందనుకున్నారేమో. "మన ఊళ్ళో పుట్టిన విలన్ గురించి కూడా చెబుతానండి" అన్నాక "ఎవరూ?" అని అడిగారు. ఎస్.వి. రంగారావుగారి పేరు చెప్పాను. "సరే, అయితే చెప్పు" అన్నారు. కాబట్టి నేనేదైనా పొరపాటు మాట్లాడితే సగం బాధ్యత ఆయనదే.

సామర్ల వెంకట రంగారావుగారు 1918 జూలై 3న మన నూజివీడులో పుట్టారు. మనలో చాలామందికి ఈ సంగతి తెలుసు. పొరుగూరివాళ్ళతో మాట్లాడేటప్పుడు మామిడిపండు తర్వాత మనం చెప్పుకునే గొప్ప ఇదే. కానీ ఆయన నేరుగా సినిమాల్లోకి వెళ్ళి నిలబడిపోలేదు. బందరులో, విజయనగరంలో ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. 1947లో 'వరూధిని'లో నాయకుడి వేషం వేస్తే ఆ సినిమా ఆడలేదు. వెనక్కి తిరిగి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటావారి దగ్గర ఉద్యోగంలో చేరారు. నాయకుడిగా ఓడిపోయిన మనిషి మళ్ళీ వచ్చి, 1951లో 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడిగా నిలబడ్డారు. అంటే ఆయన్ని మనకిచ్చింది విలన్ వేషమే.

ఆ తర్వాత ఆయన వేసిన వేషాలు ఒక్కసారి తలుచుకోండి. 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడు. పుట్టుకకు రాక్షసుడే, కానీ ఆ సినిమా చూసి ఘటోత్కచుణ్ణి ప్రేమించని పిల్లవాడు తెలుగుదేశంలో ఉన్నాడా? 1963లో 'నర్తనశాల' కీచకుడు. ఆ పాత్రకే జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 1965లో 'పాండవ వనవాసం' దుర్యోధనుడు. 1967లో 'భక్త ప్రహ్లాద' హిరణ్యకశిపుడు. ఈ ఆఖరిది మా అమ్మతో కలిసి టూరింగ్ టాకీసులో చూశాను. కొడుకుని ఏనుగులతో తొక్కించమని ఆజ్ఞ ఇచ్చిన తండ్రి అతను. ఆ మొహంలో కోపం ఎంతుందో, 'వీడు నా కొడుకే, నా మాట వినడేం' అనే బాధా అంతే ఉంది. మా అమ్మ ప్రహ్లాదుడి కోసం ఏడుస్తుందనుకున్నాను. "పాపం, తండ్రి" అంది. నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు జపాన్ సంగతి.

మా బ్యాచ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళోకి టీవీ కొత్తగా వచ్చిన రోజులు. వీధికి ఒకటో రెండో ఉండేవి. దూరదర్శన్‌లో 'జెయింట్ రోబోట్' అని ఒక సీరియల్ వచ్చేది. ఒక పిల్లవాడు చేతి గడియారంలో మాట్లాడితే ఇంతెత్తున ఇనుప మనిషి లేచి వచ్చి రాక్షసుల్ని కొట్టేవాడు. అది జపాన్‌లో 1967లో మొదలైన సీరియల్ అనీ, మొత్తం 26 భాగాలనీ తర్వాతెప్పుడో తెలిసింది. మాటలు మాకు సగం కూడా అర్థమయ్యేవి కావు. అయినా దొరగారి అరుగు మీద కూర్చున్నట్టు, టీవీ ఉన్నవాళ్ళింటి గుమ్మంలో చెప్పులు విడిచి బుద్ధిగా కూర్చునేవాళ్ళం. ఆఖరి భాగంలో రోబోట్ పిల్లవాడి ఆజ్ఞ వినదు. వద్దని అరుస్తున్నా వినకుండా, శత్రువుని పట్టుకుని ఆకాశంలోకి ఎగిరిపోయి ఉల్కని ఢీకొని తానూ పోతుంది. అన్నాళ్ళు చెప్పిన మాటల్లా విన్న యంత్రం, స్నేహితుడి కోసం ఒక్కసారి మాట వినలేదు. ఆ రోజు ఆ గుమ్మంలో ఉన్న పిల్లలమంతా ఏడ్చాం. నా పక్కన కూర్చున్నవాడు మాత్రం ఏడవలేదు. "అదీ స్నేహమంటే" అన్నాడు పెద్దమనిషిలాగా.

ఆ పక్కన కూర్చున్నవాడి గురించి మళ్ళీ వస్తాను.

ఇరవై ఏళ్ళ తర్వాత ఉద్యోగరీత్యా కుటుంబంతో జపాన్ వెళ్ళాను. అక్కడ ఆదివారం పొద్దున్నే పిల్లలంతా టీవీ ముందు ఉంటారు. ముసుగు వీరులు, రంగురంగుల దుస్తుల్లో ఐదుగురు వీరుల దళాలు. 1971లో 'కామెన్ రైడర్', 1975లో 'గోరెంజర్' మొదలైన దగ్గర్నుంచి ఇదొక సంప్రదాయంగా నడుస్తూ వచ్చింది. ఈ రెండింటికీ మూలపురుషుడు షోతారో ఇషినోమోరి అనే బొమ్మల కథల రచయిత. ఇక్కడ మన పిల్లలు చూసిన 'పవర్ రేంజర్స్' కూడా అక్కడి దళాల కథలకి అమెరికావాళ్ళు వేసిన వేరే చొక్కాయే. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. నాకు భాష రావడానికి పనికొస్తుందని దానితోపాటు నేనూ కూర్చునేవాణ్ణి. నేను నేర్చుకున్న జపనీస్‌లో సగం రాక్షసుల భాషే. ఆఫీసులో ఒకసారి "దీన్ని సర్వనాశనం చేస్తాను" అన్నంత గంభీరంగా ఒక మామూలు మాట చెబితే, మీటింగులో ఉన్న పెద్దలంతా తల వంచుకుని నవ్వుకున్నారు.

పాతవి వీడియో షాపులో అద్దెకి దొరికేవి. వాటిలో మూడు కథలు మీకు చెప్పాలి.

మొదటిది కామెన్ రైడర్. షాకర్ అనే దుష్టముఠా ఒక కాలేజీ కుర్రాణ్ణి ఎత్తుకుపోయి, శరీరంలో యంత్రాలు బిగించి, తమ సైనికుడిగా మార్చాలనుకుంటుంది. మెదడు మార్చే లోపు అతను తప్పించుకుంటాడు. తర్వాత ఆ ముఠా మీదే పోరాడతాడు. ఇంజనీరుగా నాకు ఇది బాగా నచ్చింది. వీరుడూ విలనూ ఒకే వర్క్‌షాపులో, ఒకే డిజైనుతో తయారయ్యారు. తేడా ఆఖరి అంగలో వచ్చింది. మనకిది కొత్తేం కాదు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో నిమ్మకూరు రామారావుగారు కృష్ణుడూ తానే, కర్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే. మొహం ఒకటే. కిరీటం మారితే దేవుడు, కిరీటం మారితే దుష్టుడు. మనం మూడు వేషాలకీ చప్పట్లు కొట్టాం.

రెండోది 1972 నాటి 'కికైడర్'. అదీ ఇషినోమోరిదే. అందులో నాయకుడు ఒక మరమనిషి. చేసిన శాస్త్రవేత్త అతనిలో మనస్సాక్షి అనే సర్క్యూట్ పెట్టాడు, కానీ పూర్తి చేసేలోపే ప్రమాదం ముంచుకొచ్చింది. అందుకని ఆ సర్క్యూట్ అసంపూర్తిగా ఉండిపోయింది. దుష్టుడు వేణువు ఊదితే చాలు, ఇతని బుర్రలో మంచీ చెడూ రెండూ కొట్టుకుని గిలగిల్లాడతాడు. ఇతణ్ణి చంపడానికే హకైడర్ అని ఇంకో మరమనిషిని తయారుచేస్తారు. అతని బతుక్కి ఉన్న పని అదొక్కటే. తీరా వేరే ఎవరో కికైడర్‌ని పడగొట్టేసరికి హకైడర్‌కి పిచ్చెక్కినట్టవుతుంది. శత్రువు పోయాడన్న సంతోషం లేదు, తానింక ఎందుకున్నట్టో తెలియదు. తనని చేసిన యజమాని మీదే తిరగబడతాడు. చివరికి సొంత పక్షంవాళ్ళ చేతిలోనే దెబ్బతిని, కోలుకొని వచ్చిన కికైడర్ చేతుల్లోనే ప్రాణం విడుస్తాడు. ఎలాగూ పోవాల్సి వచ్చినప్పుడు నీ చేతిలో పోయుంటే బాగుండేదని చెప్పి మరీ పోతాడు. శత్రుత్వం కూడా ఒక్కోసారి స్నేహమంత దగ్గరి చుట్టరికం అని నాకు అక్కడ తెలిసింది.

మూడోది 1992 నాటి 'జ్యూరేంజర్'. అందులో బందోరా అని ఒక మంత్రగత్తె. పిల్లల్ని ఏడిపించడమంటే ఆమెకి మహా సరదా. తన అనుచరులతో కలిసి ఆడుతుంది, పాడుతుంది, తలనొప్పి వచ్చిందని గోల చేస్తుంది. చూస్తే మన ఇంట్లో గయ్యాళి పెద్దమ్మలా ఉంటుంది. కథ చివర్లో అసలు సంగతి తెలుస్తుంది. ఎప్పుడో ఆమె కొడుకు డైనోసార్ల వల్ల చనిపోయాడు. ఆ కడుపుమంటతో సైతానుకి ఆత్మనమ్ముకుని మంత్రగత్తె అయింది. ఆఖర్న ఆ కొడుకు మళ్ళీ తన కళ్ళముందే పోతే, ఇన్ని రోజులూ రాని ఏడుపు వస్తుంది. కన్నీరు రావడంతోనే మంత్రశక్తి పోతుంది. కత్తికీ ఫిరంగికీ లొంగనిది కన్నీటికి లొంగింది.

మా అమ్మాయి నా వైపు తిరిగి అడిగింది. "నాన్నా, ఆవిడ చెడ్డది కదా, నాకెందుకు ఏడుపొస్తోంది?"

నేను మా అమ్మ అన్న మాటే అన్నాను. "పాపం, తల్లి కదమ్మా" అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బందోరా గురించి కాదు. మన బడి గురించి. ఇక్కడి నుంచి నేను చెప్పబోయేది మన సావనీరులో అచ్చు వేయడానికి తగునో తగదో సంపాదకవర్గం వారే ఆలోచించుకోవాలి.

మా పదో తరగతి సంవత్సరం వార్షికోత్సవానికి మా తెలుగు మాస్టారు 'కర్ణుడి పట్టాభిషేకం' నాటిక వేయిద్దామన్నారు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన, కులం పేరు అడిగి కర్ణుణ్ణి అవమానించడం, దుర్యోధనుడు లేచి అక్కడికక్కడే అంగరాజ్యం ఇవ్వడం. ఆ రోజుల్లో పెళ్ళైనా జాతరైనా మైకులో 'దానవీరశూర కర్ణ' డైలాగుల క్యాసెట్టు మోగాల్సిందే. అందరికీ కంఠతా వచ్చు. కర్ణుడు నేను. దుర్యోధనుడు వాడు. జెయింట్ రోబోట్ చూసేటప్పుడు నా పక్కన కూర్చున్నవాడు. పేరు చెప్పొద్దని వాడు ముందే మాట తీసుకున్నాడు. ఆ నాటిక రిహార్సల్స్ నుంచి వాణ్ణి బడంతా 'సుయోధనా' అనే పిలిచేది, కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

మాస్టారు వాడికి ఒక మాట చెప్పారు. "ఒరేయ్, నువ్వు విలన్నని అనుకుంటూ స్టేజి ఎక్కావో, వేషం తగలడిపోతుంది. దుర్యోధనుడి లెక్కలో దుర్యోధనుడు న్యాయంగానే ఉన్నాడు. స్నేహితుడికి అవమానం జరుగుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. అది పట్టుకో, చాలు." మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. నటన గురించి నేను విన్న పాఠాల్లో ఇంతకు మించింది లేదు.

వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం. మైకుసెట్టు యాంప్లిఫయర్ పలకడం లేదు. నాకు అప్పటికే తీగలతో ఆడే పిచ్చి ఉంది. విప్పి చూస్తే ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు లేదు. నేను తెలివిగా దాని స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టి బిగించాను. ఇక్కడ ఎలక్ట్రికల్ వాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా తీగ చుడితే ఏమవుతుంది? లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గదంతా పొగ, ఎనామెల్ కాలిన వాసన. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే.

హెడ్మాస్టరు గారు వచ్చి "ఎవడు ముట్టుకున్నాడు?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఆ నెలలోనే నా పేరు మెరిట్ స్కాలర్‌షిప్‌కి పంపుతున్నారు. వాడికది తెలుసు. నా మొహం ఒకసారి చూశాడు. చూసి, "నేనేనండి" అన్నాడు.

నేను 'కాదు' అనలేదు.

జరిగింది ఇంతే. తర్వాత జరిగినవన్నీ దాని లెక్క ప్రకారం జరిగాయి. వాణ్ణి నాటికలోంచి తీసేశారు. వేరే అబ్బాయి కాగితం చూసి దుర్యోధనుడి మాటలు చదివాడు. వాడి నాన్న కౌలుకి మామిడితోట చేసేవాడు. ఆ ఏడాది పూత మీద తేనెమంచు పురుగు పడి కాపు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి మూడొందల చిల్లర కట్టమంటే, కట్టి, కొడుకుని బడి మాన్పించేశాడు. "చదివింది చాల్లే, తోటలోకి రా" అన్నాడట. వాడు పదో తరగతి పరీక్ష రాయలేదు.

నాకు ఆ రాత్రి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు. అవమానంలో స్నేహితుడు చేయి పట్టుకున్నప్పుడు కర్ణుడి కంట్లో నీళ్ళు తిరగాలి, నాకు నిజంగానే తిరిగాయి. అందరూ నటన అనుకున్నారు. ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో నేనెప్పుడూ నీళ్ళు తాగలేదు.

వాడింటికి వెళ్ళి ఒక్క మాట చెప్పాల్సింది. ఇవాళ వెళదాం, రేపు వెళదాం అనుకున్నాను. పరీక్షలయ్యాయి, విజయవాడ కాలేజీలో చేరాను. ఒక వేసవిలో బస్టాండు దగ్గర మామిడికాయల లారీ మీద గోనె పరుచుకుని కూర్చుని వాడు కనిపించాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. నేను పక్కనున్న దుకాణంలో ఏదో కొంటున్నట్టు తిరిగి నిలబడ్డాను. మైకుసెట్టు నాడు పదిహేనేళ్ళవాణ్ణి, భయపడ్డానని సరిపెట్టుకోవచ్చు. బస్టాండులో నాకు పంతొమ్మిదేళ్ళు.

భారతంలో నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఘట్టం ఒకటుంది. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని, "నువ్వు కుంతి కొడుకువి, పాండవులకి పెద్దన్నవి, వచ్చెయ్, రాజ్యం నీది" అంటాడు. కర్ణుడు రానంటాడు. పైగా, "ఈ సంగతి ధర్మరాజుకి చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికిచ్చేస్తాను" అని బతిమాలతాడు. తను ఓడిపోయే పక్షంలో ఉన్నానని తెలుసు. పక్షం మంచిది కాదనీ తెలుసు. అయినా వదల్లేదు. అది ధర్మమా అధర్మమా అని పెద్దలు వెయ్యేళ్ళుగా వాదిస్తున్నారు. నిండు సభలో ఒక ఆడమనిషికి అవమానం జరిగినప్పుడు ఆ స్నేహమే కర్ణుడి నోట రాకూడని మాటలు పలికించింది. అది మరిచిపోకూడదు. స్నేహం గొప్పదైనంత మాత్రాన చేసిన పని మంచిదైపోదు. జపాన్ వాళ్ళు కూడా బందోరా ఏడ్చిందని ఆమెని సింహాసనం ఎక్కించలేదు. మళ్ళీ కుండలో బంధించే పంపారు. విలన్‌కి మనసుందని ఒప్పుకోవడం వేరు, విలన్ని ఒప్పుకోవడం వేరు.

కానీ నా లెక్క అదికాదు. భారతంలో కర్ణుడు దుర్యోధనుణ్ణి వదల్లేదు. మా నాటికలో వదిలేశాడు. ఎంతమంది రాక్షసులు వచ్చినా, నా కథలో విలన్ ఎవరో నాకు తెలుసు. ఇషినోమోరి చెప్పిన ఆ అసంపూర్తి సర్క్యూట్ నాకే ఉంది. మంచీ చెడూ తెలియక కాదు. తెలిసీ, తీగ చివరిదాకా కలపలేదు.

జపాన్ నుంచి వచ్చిన ఏడాది వేసవిలో ఊరొచ్చి వాకబు చేశాను. వాడు ఆగిరిపల్లి దారిలో నర్సరీ పెట్టాడన్నారు. వెళ్ళాను. జుట్టు నెరిసింది, నడుం కొంచెం వంగింది. గుర్తుపడతాడా అనుకున్నాను. వాడు చేతిలో కత్తి పక్కనపెట్టి, "ఏరా అంగరాజా, ఇప్పటికి దారి తెలిసిందా?" అన్నాడు.

నేను దారిలో తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి. "తప్పు నాదిరా" అన్నాను. "ఏ తప్పు?" అన్నాడు. "మైకుసెట్టు" అన్నాను.

నవ్వాడు. "అది నేను కావాలని నెత్తినేసుకున్నానురా. నాకు లెక్కలు వచ్చేవా, ఇంగ్లీషు వచ్చేదా? నీ స్కాలర్‌షిప్పు పోతే నీ చదువు పోయేది. దానికి నాకెప్పుడూ కోపం లేదు."

ఊపిరి పీల్చుకోబోయాను. వాడు ఆగలేదు.

"నువ్వు తర్వాత రాలేదు చూడూ, దానికి కోపం. మా నాన్న కొట్టిన రోజు సాయంత్రం గుమ్మంలో కూర్చుని చూశాను, వస్తావని. మర్నాడూ చూశాను. పరీక్షలయ్యాక వస్తాడులే అనుకున్నాను. లారీ మీంచి చెయ్యి ఊపితే తల తిప్పుకున్నావు. ఆ రోజు మానేశాను, చూడ్డం."

నాకు మాట లేదు. వాడికి కంట్లో నీళ్ళు వచ్చాయి. దుర్యోధనుడు ఏడుస్తుంటే ఎదురుగా చూడాల్సి రావడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. భారతంలో కర్ణుడు పోయాక దుర్యోధనుడు ఏడుస్తాడు. నేను బతికుండగానే ఏడిపించాను.

కాసేపటికి వాడు లేచి నన్ను మొక్కల దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టర్, సువర్ణరేఖ. పాత పద్ధతిలో అంటు కట్టడం చూపించాడు. కుండీలో ఉన్న టెంక మొక్కని తల్లిచెట్టు కొమ్మ దగ్గరకి చేర్చి, మొక్క కాండం మీద కొంచెం చెక్కు తీశాడు. కొమ్మ మీదా అంతే చెక్కు తీశాడు. రెండు చెక్కుల్నీ ఒకదానికొకటి ఆనించి గట్టిగా చుట్టాడు. "రెండు మూడు నెలలు కదపకూడదు. తర్వాత కొంచెం కొంచెంగా కోసి విడదీయాలి" అన్నాడు. నేను ఇంజనీరు బుద్ధితో, "ఒకదానికే చెక్కు తీసి కడితే అతకదా?" అని అడిగాను.

"అతకదు" అన్నాడు. "రెండిటికీ దెబ్బ తగలాల్సిందే."

వాడు మామిడి గురించే చెప్పాడు. నేను ఎలా విన్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మేం కలుస్తూనే ఉన్నాం. ఏటా వేసవిలో వాడు రసాల బుట్ట పంపిస్తాడు. గడ్డి మధ్యలో చీటీ ఉంటుంది, 'అంగరాజుకి కప్పం' అని. మధ్యలో పోయిన ఇరవై చిల్లర ఏళ్ళు మాత్రం ఏ బుట్టలోనూ రావు.

పిల్లలకి జపాన్ సీరియళ్ళు మంచివా చెడ్డవా అని నన్ను చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. మన ఊళ్ళో ట్రిపుల్ ఐటీ వచ్చాక అక్కడి పిల్లలు కూడా ఈ కథల గురించి నాతో గంటలు గంటలు మాట్లాడారు. నా జవాబు ఒకటే. చూడనివ్వండి. అయిపోయాక మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "ఆ విలన్ పక్కన ఎవరైనా స్నేహితుడు ఉండి ఉంటే ఏమయ్యేది?" రంగారావుగారి హిరణ్యకశిపుణ్ణి చూపించి కూడా ఇదే అడగండి. మంచివాళ్ళని చూసి జాలిపడటం పిల్లలకి వచ్చు, నేర్పక్కర్లేదు. చెడ్డవాడి మొహంలో మనిషిని వెతకడం నేర్పాలి. అది నేర్చుకున్నవాడు రేపు అద్దంలో తన మొహం కూడా నిజాయితీగా చూసుకోగలడు. నాకది నలభై ఏళ్ళకి గానీ రాలేదు.

చివరిగా ఒక విన్నపం. ఇది మాత్రం వినోదానికి చెబుతున్నది కాదు.

ఈ సభకి ఆహ్వానాలు పంపడానికి మన సంఘం రిజిస్టరు తిరగేశాను. వాడి పేరు లేదు. అడిగితే, పదో తరగతి పాసైనవాళ్ళకే సభ్యత్వం అన్నారు. నియమం రాసినవాళ్ళని తప్పుపట్టను, ఏదో ఒక హద్దు ఉండాలి కదా అనుకుని ఉంటారు. కానీ ఒక్కసారి మీ మీ బ్యాచ్‌లలో వెనక బెంచీలు గుర్తు తెచ్చుకోండి. ఏడులో మానేసినవాళ్ళు, ఎనిమిదిలో పెళ్ళైపోయిన ఆడపిల్లలు, తోట పనికి వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళూ ఈ బడి గంట విన్నవాళ్ళే. ఈ బడి చెట్టు కింద అన్నం డబ్బా విప్పినవాళ్ళే. మనం ముందుకి వెళ్ళడానికి వాళ్ళలో కొందరు 'నేనేనండి' అని లేచి నిలబడి ఉండొచ్చు. మనం మరిచిపోయి ఉండొచ్చు.

యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో మన సంఘం ఈ ఒక్క నియమం మార్చాలని కోరుతున్నాను. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సభ్యులే అని రాసుకుందాం. రేపటి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేను ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఒకరు కావాలి.

సుయోధనుడు ఇవాళ వచ్చాడు. సభ్యుడిగా కాదు, నా అతిథిగా. వెనక వరసలో, గుమ్మం పక్కన కూర్చున్నాడు. వేదిక మీదకి రమ్మంటే, "నా వేషం ఎప్పుడో తీసేశారు కదరా" అన్నాడు. వేషం ఇచ్చినా ఇవ్వకపోయినా, రిజిస్టర్లో పేరు రాయించడం మన చేతిలో పని.

ఆ మైకుసెట్టు కాల్చింది నేనండి. నలభై ఏళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను. ఈ మైకు మాత్రం నేను ముట్టుకోలేదు, పలుకుతోంది.